పలు ద్వారములు, ఒక కంప్యూటరు

మంచినీటి పంపుగదులకు, క్లోరిను నిలువగదికి, పంచాయతీ కార్యాలయమునకు ఎలక్ట్రానిక్ తాళములు అమర్చి, వాటినన్నింటిని ఒక కంప్యూటరునకు కలిపెదమని గుత్తేదారు ఎవరైనను మీ పంచాయతీకి రావచ్చును. తీర్మానము చేయుటకు ముందు ఆ ఏర్పాటు పనిచేయు తీరు సభ్యులకు తెలిసియుండవలెనని ఈ పాఠము వ్రాయుచున్నాము.

ఈ తాళపుచెవులలో బొత్తామువంటి ఉక్కు బిళ్ల ఒక రకము. వెడల్పు సుమారు 16 మిల్లీమీటర్లు. అందు 64 బిట్ల సంఖ్య కర్మాగారములోనే పొందుపరుపబడును. ఒక బిళ్లకున్న సంఖ్య మరియొక దానికి ఈయరు. తలుపువద్దనున్న రీడరునకు దీనిని తాకించినచో రీడరు ఆ సంఖ్యను చదువును. అందలి 8 బిట్లు సరిచూచుకొనుటకే ఉద్దేశింపబడినవి కనుక తప్పు చదువు సాధారణముగా అక్కడనే పట్టుబడును.

ఇక రీడర్లను కలుపుట. ప్రతి రీడరునుండి కంప్యూటరునకు వేరువేరుగా తీగ లాగనక్కరలేదు. 1983లో వెలువడిన ఆర్‌ఎస్-485 ప్రమాణము ననుసరించి, మెలివేసిన ఒక తీగజతపై సాధారణముగా 32 యంత్రములను, తక్కువ వేగమున 1200 మీటర్ల వరకు కలుపవచ్చును. తీగ దండలోని దారమువలె ఒక రీడరునుండి మరియొక రీడరునకు సాగవలెను, చెట్టుకొమ్మలవలె చీలరాదు. కాలువ చివర గట్టునకు తగిలిన అల వెనుకకు మరలునట్లు తీగ కొనలయందు సంకేతము మరలివచ్చి మాటను చెరచును. అందులకే రెండు కొనలయందును 120 ఓముల నిరోధకము అమర్చుదురు.

అందరు ఒకేసారి మాటలాడినచో ఎవరి మాటయు వినబడదు. కావున ఉపాధ్యాయుడు హాజరుపట్టీ పిలుచునట్లు కంప్యూటరు ఒక్కొక్క రీడరును దాని అంకెతో పిలుచును. పిలువబడినదే బదులు పలుకును. సెకనుకు 9600 బిట్ల వేగమున, ప్రశ్నకు జవాబునకు కలిపి 20 అక్షరములైనచో, 30 రీడర్లను ఒకసారి చుట్టివచ్చుటకు సెకను పట్టదు. బదులు పలుకని రీడరు ఏదో వెంటనే తెలియును.

తీగ తెగినప్పుడేమగును? సభ్యులు ముఖ్యముగా అడుగవలసిన ప్రశ్న ఇదియే. తలుపు తెరచుటకు ప్రతిసారియు కంప్యూటరు అనుమతి కావలసిన ఏర్పాటైనచో, అర్ధరాత్రి పంపు ఆపరేటరు తన బిళ్లతో బయటనే నిలువవలసివచ్చును. తెల్లవారుసరికి ట్యాంకు నిండదు. రేషను దుకాణమున సిగ్నలు అందక ఈ-పాస్ యంత్రము ముందు వరుసలో నిలిచినవారికి ఈ కష్టము క్రొత్త కాదు. అనుమతిగల సంఖ్యల పట్టిక రీడరులోనే ఉన్నయెడల తలుపు తెరచుకొనును. ఎవరు ఎప్పుడు వచ్చినదియు రీడరు తన జ్ఞాపకమున ఉంచుకొని, తీగ బాగుపడిన పిమ్మట కంప్యూటరునకు అప్పగించును. పంపుగదికి ఈ పద్ధతియే తగినదని మా అభిప్రాయము.

దీనికిని లోపము లేకపోలేదు. పోయిన బిళ్లను కంప్యూటరులో రద్దు చేసినను, ఆ వార్త తీగ తెగిన రీడరునకు చేరదు. ఆ బిళ్ల అచ్చట ఇంకను పనిచేయును. కనుక మూగవోయిన రీడరు కంప్యూటరు తెరపై కనబడిన వెంటనే ఒకరు పోయి చూడవలెను. ఆ పని ఎవరిదో ముందే నిర్ణయింపవలెను. కేవలము సంఖ్యను చెప్పు బిళ్లకు నకలు చేయవచ్చుననియు, రహస్య గణనతో జవాబిచ్చు బిళ్లలు వేరుగా కలవనియు ఎరుగవలెను. ఆరుబయట స్తంభములపై లాగిన తీగకు పిడుగుల రక్షణ కావలెను.

బిల్లు చెల్లించుటకు ముందు గుత్తేదారుచేత అందరి ఎదుట తీగను ఊడదీయించుడు. విద్యుత్తును గూడ ఆపించుడు. పిమ్మట ఆపరేటరు బిళ్లను ఒకసారి, రద్దు చేసిన బిళ్లను ఒకసారి తాకించి చూడుడు.