స్పాంజి: ఒక్క మాట, చాలా పనులు

మీ వంటింట్లో సింకు పక్కన ఒకసారి చూడండి. ఒకవైపు పసుపుగా, మెత్తగా, ఇంకోవైపు ఆకుపచ్చగా, గరుగ్గా ఉండే ఒక ముక్క కనిపిస్తుంది. దాన్ని తెలుగులో ఏమంటారు? అమ్మని అడిగితే "స్పాంజి" అంటుంది. నాన్నని అడిగినా అదే అంటారు. అది తప్పేం కాదు. బస్సు, టేబుల్, పెన్ను లాగే స్పాంజి కూడా తెలుగువాళ్ళు రోజూ వాడే మాటే.

మరి పాఠం ఇక్కడితో అయిపోయిందా? అవ్వలేదు. ఇంగ్లీషులో స్పాంజి సింకు దగ్గరే కూర్చోదు. సముద్రంలో బతుకుతుంది. స్కూల్లో కస్టర్డ్ కింద ప్లేటులోకి వస్తుంది. ఎప్పుడూ పక్కవాడి డబ్బులతో చిప్స్ తినేవాణ్ణి కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. తెలుగులో అలా కుదరదు. ఒక్కో చోట ఒక్కో మాట కావాలి. ఆ మాట తెలియకపోతే ఏమవుతుందో చూద్దాం.

నానమ్మ ఎందుకు కంగారుపడింది?

అనుకోండి, మీ నానమ్మ గుంటూరు నుంచి మీ ఇంటికి వచ్చింది. మెట్ల మీద జారి కాలు విరిగింది. హాస్పిటల్లో మంచం మీద ఉంది. అమ్మ కింద కారు పార్క్ చేస్తోంది. గదిలో మీరు, నానమ్మ, నర్సు. నానమ్మకి ఇంగ్లీషు రాదు, నర్సుకి తెలుగు రాదు. ఇద్దరికీ మధ్య ఉన్నది మీరే. ఇవాళ నానమ్మకి స్పాంజ్ బాత్ ఇస్తానని నర్సు చెప్పింది. మీరు వెంటనే తెలుగులో ఇలా అన్నారు:

"నానమ్మా, నిన్ను స్పాంజితో తోముతారట!"

నానమ్మ మొహం మాడిపోయింది. "గిన్నెలు తోమేదానితోనా? నేనేమైనా గేదెనా?"

తప్పు ఎక్కడ జరిగింది? నానమ్మకి తెలిసిన స్పాంజి ఒక్కటే, మీ సింకు పక్కన ఉన్నది. ఇక "తోమడం" అంటే గట్టిగా రుద్ది మురికి వదిలించడం. గిన్నెలు తోముతాం, పళ్ళు తోముకుంటాం, ఊళ్ళో గేదెల్ని చెరువులో తోముతారు. పెద్దవాళ్ళ ఒంటికి ఆ మాట వాడకూడదు. ఇలా చెప్పి ఉంటే సరిపోయేది:

"నానమ్మా, గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి, పిండి, ఒళ్ళు తుడుస్తారట. నీకు లేచే పని లేదు."

ఇందులో స్పాంజి అనే మాటే లేదు, గమనించారా? అయినా అర్థం మొత్తం వచ్చింది. నానమ్మ భయం కూడా పోయింది. ఇదే ఈ పాఠంలో అసలు కిటుకు. స్పాంజి అనే మాట ఎదురైనప్పుడు "దీనికి తెలుగు ఏమిటి?" అని ఆలోచించకండి. "ఇక్కడ స్పాంజి ఏం పని చేస్తోంది?" అని ఆలోచించండి. ఆ పనికి తెలుగులో మాట తప్పకుండా ఉంటుంది.

శుభ్రం చేసే పనులకైతే మరీ ఎక్కువ మాటలున్నాయి. గిన్నెలు తోముతాం, బల్ల తుడుస్తాం, వీపు రుద్దుకుంటాం, కాళ్ళు కడుక్కుంటాం, బట్టలు ఉతుకుతాం. దెబ్బ మీద మందు రాసేటప్పుడు గట్టిగా తుడవం, దూదితో అద్దుతాం. వీటిని ఒకదాని బదులు ఇంకొకటి వాడితే ఇంట్లో అందరూ నవ్వుతారు. "కాళ్ళు ఉతుక్కున్నాను" అని ఒకసారి అనిచూడండి!

నీళ్ళ విషయంలోనూ అంతే. స్పాంజి నీళ్ళు పీల్చుకుంటుంది. కానీ వాన నీళ్ళు నేలలోకి ఇంకుతాయి. అలా ఇంకడానికి తవ్వే గుంతని ఇంకుడు గుంత అంటారు. ఆంధ్రలో, తెలంగాణలో చాలా చోట్ల ఇవి కనిపిస్తాయి. శనగలు నీళ్ళలో నానుతాయి. తడిగుడ్డని పిండుతాం. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. "గుడ్డ పిండి ఆరేశాను" అన్నప్పుడు పిండి అంటే నీళ్ళు కారేలా మెలిపెట్టి అని అర్థం. "బియ్యప్పిండి డబ్బాలో ఉంది" అన్నప్పుడు ఆ పిండి వేరు. రాత ఒకటే, అర్థాలు రెండు.

స్పాంజి రాకముందు ఏముండేది?

మీ అమ్మమ్మ చిన్నప్పుడు చాలా ఇళ్ళల్లో ఈ పసుపుపచ్చ ముక్క లేదు. కొబ్బరి పీచుతో, బూడిదతో గిన్నెలు తోమేవాళ్ళు. ఇత్తడి, రాగి సామాన్లకి చింతపండు పట్టించి తళతళలాడించేవాళ్ళు. ఒళ్ళు రుద్దుకోడానికి బీరకాయ పీచు ఉండేది.

పీచు అంటే సన్నటి దారాల్లాంటి పోగులు. ఈ మాట మీకు ఇంకోచోట పనికొస్తుంది. సీసైడ్‌కి వెళ్ళినప్పుడు పుల్లకి చుట్టి అమ్మే గులాబీరంగు క్యాండీఫ్లాస్ ఉంది కదా, దాన్ని తెలుగులో పీచు మిఠాయి అంటారు. పేరు ఎంత బాగా కుదిరిందో చూడండి.

ఇప్పుడు బీరకాయ సంగతి. మీకు ఇండియన్ కొట్టులో దొరికే బీరకాయ పొడుగ్గా ఉంటుంది, పైన గట్లు తేలి ఉంటాయి. దానికి ఒక చుట్టం ఉంది. దాని పేరు నేతిబీరకాయ. దాని మీద ఆ గట్లు ఉండవు, నున్నగా ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు కూర వండుతారు. ముదిరి ఎండిపోయాక తొక్క తీసి, గింజలు దులిపేస్తే లోపల వలలాంటి పీచు మిగులుతుంది. లండన్ షాపుల్లో లూఫా అని అమ్మేది అదే. చాలామంది అది సముద్రంలో దొరుకుతుందనుకుంటారు. కాదు, అది తీగకి కాసే కాయ!

ఈ కాయకి ఇంగ్లీషులో ఉన్న ఒక పేరు స్పాంజ్ గోర్డ్. అంటే స్పాంజి కాయ. ఇంగ్లీషువాళ్ళకి దానిలో స్పాంజి కనిపించింది. మనవాళ్ళకి నెయ్యి కనిపించింది. నిజానికి దానిలో నెయ్యి చుక్క కూడా ఉండదు. అందుకే తెలుగులో ఒక సామెత పుట్టింది. పేరు గొప్పగా ఉండి లోపల సరుకు లేకపోతే "నేతిబీరకాయలో నెయ్యంత" అంటారు. మీ తమ్ముడు "నేను చాలా హోంవర్క్ చేశాను" అని చెప్పి, మీరు పుస్తకం తెరిస్తే తెల్లకాగితం కనిపించిందనుకోండి. అప్పుడు అనొచ్చు: "వీడి హోంవర్కు నేతిబీరకాయలో నెయ్యంత!" ఈ మాట ఫోన్లో తాతయ్య దగ్గర వాడి చూడండి. ఆయన ఎంత సంతోషిస్తారో.

సముద్రంలో ఉండే స్పాంజి

అసలు స్పాంజి ఒక జంతువు. అవును, జంతువే. కాళ్ళు లేవు, కళ్ళు లేవు, గుండె లేదు, మెదడు లేదు. రాయికి అతుక్కుని ఒకేచోట ఉంటుంది. అందుకే అది మొక్కో జంతువో చాలా ఏళ్ళు ఎవరికీ సరిగ్గా తెలియలేదు.

ఈ చిక్కు విప్పడంలో పెద్ద పాత్ర మీ దేశం మనిషిదే. ఎడిన్‌బరోలో రాబర్ట్ ఎడ్మండ్ గ్రాంట్ అనే డాక్టరు ఉండేవారు. 1820లలో ఆయన దగ్గర్లో ఉన్న సముద్రపు ఒడ్డుకి వెళ్ళి, బతికున్న స్పాంజీలను ఏరి తెచ్చేవారు. ఉప్పునీళ్ళలో పెట్టి మైక్రోస్కోపులో ఓపిగ్గా చూసేవారు. ఒకరోజు స్పాంజి మీద ఉన్న రంధ్రంలోంచి నీళ్ళు బయటికి చిమ్మడం కనిపించింది. చిన్న చిన్న రంధ్రాల్లోంచి నీళ్ళు లోపలికి వెళ్తున్నాయి. ఆ నీళ్ళలో ఉన్న ఆహారాన్ని స్పాంజి వడగట్టి ఉంచుకుంటోంది. మిగిలిన నీళ్ళు పెద్ద రంధ్రంలోంచి బయటికి పోతున్నాయి. మన ఇంట్లో టీ వడగట్టినట్టే, కాకపోతే స్పాంజి వడకట్టులో మిగిలినదాన్ని తింటుంది!

ఆ రోజుల్లో గ్రాంట్‌తో కలిసి ఒడ్డు వెంట తిరిగిన ఒక కుర్రాడు ఉన్నాడు. అతను డాక్టరు చదువు కోసం ఎడిన్‌బరో వచ్చి, ఆ చదువు నచ్చక జంతువుల వెంట పడ్డాడు. పేరు చార్లెస్ డార్విన్. గ్రాంట్ 1827లో లండన్ వెళ్ళి ప్రొఫెసర్ అయ్యారు. పాఠాలు చెప్పడానికి ఆయన కూడబెట్టిన జంతువుల నమూనాలతో మొదలైనదే లండన్‌లోని గ్రాంట్ మ్యూజియం. మీరు దగ్గర్లో ఉంటే వెళ్ళి చూడొచ్చు.

తెలుగు సైన్సు పుస్తకాల్లో ఈ జంతువుల్ని స్పంజికలు అంటారు. ఇది పుస్తకాల మాట. ఇంట్లో ఎవరూ అనరు.

తినే స్పాంజి

కేకు దగ్గరికి వద్దాం. విక్టోరియా స్పాంజ్ మీకు తెలుసు: రెండు కేకులు, మధ్యలో జామ్, పైన పంచదార పొడి. విక్టోరియా రాణి పేరు పెట్టారు. 1861లో వచ్చిన మిసెస్ బీటన్ వంటల పుస్తకంలో విక్టోరియా శాండ్‌విచ్‌లు అని ఉంది. ఇలాంటి కేకులు తేలిగ్గా పొంగడానికి బేకింగ్ పౌడర్ బాగా సాయం చేసింది. బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన 1843లో తన బేకింగ్ పౌడర్ తయారుచేశారు. ఎందుకంటే ఆయన భార్యకి గుడ్లు పడవు, ఈస్టూ పడదు. గుడ్డు లేని కస్టర్డ్ పొడి కూడా ఆయన చేసిందే.

కేకుని తెలుగులో స్పాంజి కేకు అనే అంటాం. కానీ "ఇట్స్ సో స్పాంజీ!" అని మెచ్చుకోవాలంటే? "గుల్లగా ఉంది" అనండి. లోపల గాలి ఉండి తేలిగ్గా ఉంటే అది గుల్ల. ఇడ్లీ అయితే "దూదిలా ఉంది" అంటారు. పిండి రాత్రంతా పులిసి, పొంగితేనే ఇడ్లీ అలా వస్తుంది. ఇంగ్లండ్ చలిలో పిండి సరిగ్గా పులవదు, అందుకని చాలామంది గిన్నెని ఓవెన్‌లో లైటు వేసి పెడతారు. మీ ఇంట్లో ఏం చేస్తారు?

మనుషుల్ని స్పాంజి అంటే

ఇంగ్లీషులో ఇది రెండు రకాలు. ఒకటి పొగడ్త, ఒకటి తిట్టు.

ఏది విన్నా వెంటనే నేర్చుకునేవాళ్ళని స్పాంజితో పోలుస్తారు. తెలుగులో "ఇట్టే పట్టేస్తుంది" అంటాం. ఇంకా గొప్ప మాట కావాలంటే ఏకసంథాగ్రాహి. సంథ అంటే గురువు చెప్పే పాఠం. ఒక్కసారి చెబితే చాలు పట్టుకునేవాళ్ళు అని అర్థం.

పక్కవాళ్ళ మీద పడి బతికేవాణ్ణి "తేరగా తింటాడు" అంటారు. తేరగా అంటే ఖర్చు లేకుండా, కష్టపడకుండా. ఇది కటువైన మాట, చూసి వాడాలి. ఎందుకంటే మన ఇళ్ళల్లో ఒకరింట్లో ఇంకొకరు ఉండటం మామూలే. మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నవాళ్ళు మీ కుటుంబంలోనే ఉండొచ్చు. వెనకటి రోజుల్లో ఇంకో పద్ధతి ఉండేది. పేద పిల్లవాడు చదువు కోసం పట్నం వస్తే, సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, ఇలా రోజుకో ఇంట్లో భోజనం పెట్టేవాళ్ళు. దీన్ని "వారాలు చేసుకుని చదువుకోవడం" అంటారు. అలా చదువుకుని పెద్దవాళ్ళయినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళని ఎవరూ తేరగా తిన్నారని అనలేదు. మీ ఇంటికి ఇండియా నుంచి బాబాయి వచ్చి మూడు నెలలుంటే, దయచేసి ఆ ఇంగ్లీషు మాట ఆయన ముందు అనకండి.

ఇంకొకటి ఉంది కానీ త్వరగా చెప్పేస్తాను. ఓటమి ఒప్పుకోవడాన్ని ఇంగ్లీషులో స్పాంజి విసిరేయడం అనేవాళ్ళు. అది బాక్సింగ్ నుంచి వచ్చింది. తెలుగులో "చేతులెత్తేశాడు" అంటాం.

మీరు చెయ్యండి

1. ఖాళీల్లో సరైన మాట రాయండి: తోమింది, తుడిచింది, అద్దింది, ఉతికింది.
అక్క పెన్నంని ______. అమ్మ దెబ్బ మీద దూదితో మందు ______. అత్తయ్య బల్ల ______. పిన్ని చీర ______.

2. నర్సు నానమ్మకి కాలు తడపకూడదని చెప్పింది. నానమ్మకి మీరెలా చెబుతారు? రెండు వాక్యాలు రాయండి. "నువ్వు" అనాలా, "మీరు" అనాలా? మీ ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే రాయండి.

3. "పిండి" అనే మాటని రెండు అర్థాలతో, రెండు వాక్యాల్లో వాడండి.

4. ఈ వారం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు అమ్మమ్మనో తాతయ్యనో అడగండి: "మీ చిన్నప్పుడు గిన్నెలు దేనితో తోమేవాళ్ళు?" వాళ్ళు చెప్పిన మాటలు, మీకు అర్థం కానివి కూడా, విన్నట్టే రాసుకుని క్లాసుకి తీసుకురండి.