పలు భారాల కింద విత్తన గొర్రు దూలం: అనంతపురం ఎర్రనేలలకు తగిన రూపకల్పన

అనంతపురం పీఠభూమిలో వర్షాధార వేరుశనగ విత్తే అదను అతి స్వల్పం. సాలుకు సుమారు 550 మి.మీ. వర్షం పడే ఈ ప్రాంతంలో గరప ఎర్రనేలలు లోతు తక్కువైనవి. మంచి పదును వాన కురిసిన కొద్ది రోజులకే పైపొర ఆరి గట్టిపడుతుంది. ఆ రోజుల్లో ట్రాక్టరు గొర్రు దూలం వంగితే, మరమ్మతు పూర్తయ్యేలోగా పదును పోతుంది. వంగిన దూలానికి బదులు మరింత మందమైనది వేయడం వర్క్‌షాపుల్లో సాధారణ పరిష్కారం. అది సరైన పరిష్కారమేనా అన్నది లెక్క వేసి చూడవలసిన విషయం.

30 సెం.మీ. ఎడంతో 8 సాళ్ళు విత్తే గొర్రును ఉదాహరణగా తీసికొనవచ్చు. దూలం పొడవు 2.4 మీటర్లు, ట్రాక్టరుకు తగిలించే రెండు ఆధారాలు మధ్య నుంచి చెరొక వైపు 40 సెం.మీ. దూరంలో ఉన్నాయి. ఒక్కొక్క పన్నుపై నేల నిరోధం 500 న్యూటన్లనీ, అది దూలానికి 45 సెం.మీ. దిగువన పనిచేస్తుందనీ అనుకొందాం. ఆధారానికి వెలుపల ఒక్కొక్క వైపు మూడేసి పళ్ళుంటాయి. సాధారణంగా విత్తేటప్పుడు ఆధారం వద్ద వంపు భ్రామకం 525 న్యూటన్-మీటర్లు, మెలి భ్రామకం 675. మెలే పెద్దదన్న సంగతిని విద్యార్థులు తరచు విస్మరిస్తారు.

చివరి పన్ను రాతికి తగిలి 3000 న్యూటన్ల దెబ్బ పడితే వంపు 2150కి, మెలి 1800కి చేరుతాయి. గొర్రును పైకెత్తి గతుకుల బాటలో నడిపేటప్పుడు వంపు సుమారు 420 మాత్రమే (ఆధారానికి 35 సెం.మీ. అవతల 600 న్యూటన్ల బరువు, కుదుపుకు రెట్టింపు). కాని అది నిలువు తలంలో పడుతుంది. విత్తేటప్పటి వంపు అడ్డ తలంలోది. ఒక తలంలోనే బలమున్న చానల్ ఇనుము ఇందుకు చాలదు, మెలికైతే మరీ బలహీనం. 80 మి.మీ. చదరం, 5 మి.మీ. మందం గల బోలు గొట్టాన్ని పొడవునా ఒకచోట చీల్చితే, మెలికి అది చూపే బిగువు సుమారు 170వ వంతుకు పడిపోతుంది. మూసిన గొట్టమే ఇక్కడ తగినది.

ఇక మందం. రాతి దెబ్బకు 5 మి.మీ. గొట్టంలో వంపు, మెలి కలిసిన ప్రతిబలం సుమారు 82 మెగాపాస్కల్స్, 3 మి.మీ. గొట్టంలో 128. అయితే పన్నుకు షియర్ బోల్టు అమర్చి, 1500 న్యూటన్ల వద్ద అది తెగిపోయేలా చేస్తే, 3 మి.మీ. గొట్టంలోనే ప్రతిబలం 75కు తగ్గుతుంది. అంటే దాదాపు 11 కిలోల ఇనుము తగ్గించినా, బోల్టు లేని మందపు దూలం కంటే ఇది తక్కువ ప్రతిబలానికి లోనవుతుంది. పలుచని గొట్టానికి రెండు జాగ్రత్తలు అవసరం: ఆధారాల వద్ద అదనపు పట్టీ వేయాలి, పళ్ళను రంధ్రాలతో కాక యు-క్లాంపులతో బిగించాలి. రంధ్రాల అంచుల్లోనూ వెల్డింగు చివరల్లోనూ పగుళ్ళు మొదలవుతాయి.

రేకులకుంట వ్యవసాయ పరిశోధనా కేంద్రం రూపొందించిన అనంత ప్లాంటరు వంటి యంత్రాల కొలతలు వేరు. ఈ లెక్కలో నిరోధం, దూరాలు మార్చి ఏ గొర్రుకైనా అన్వయించుకోవచ్చు. క్షేత్రంలో విస్తరణ శాస్త్రవేత్తలు పరిశీలించవలసింది బోల్టునే. తెగిన బోల్టు స్థానంలో రైతు చేతికందిన గట్టి బోల్టు బిగిస్తే 3000 న్యూటన్ల దెబ్బ తిరిగి దూలానికే చేరుతుంది. అదే పరిమాణం, అదే రకం బోల్టులు పది, గొర్రుతోపాటే ఒక డబ్బాలో ఇవ్వాలి.