పుణ్యాస్థులు – సాక్ష్య విచారము

ఒక యెముకను జూపి “ఇది ఫలాని పుణ్యాత్మునిది” యని చెప్పినపుడు దానిని దేనినిబట్టి నమ్మవలెను? ఈ ప్రశ్న కథోలిక దేవాలయములకు మాత్రమే సంబంధించినదని హిమాయత్‌నగర వాసులు తలపవలదు. మనకు తూర్పుననున్న హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయమే యిట్టి విచారణ నొకదానిని నడపినది.

జార్జియా దేశపు రాణి కెతెవాను, పారసీక ప్రభువగు షా అబ్బాసు నిర్బంధించినను తన క్రైస్తవ మతమును విడువక, 1624లో షీరాజు నగరమున చిత్రవధ నొందెను. ఆమె కథోలికురాలు కాదు. తూర్పు సనాతన సంఘమునకు చెందినది. అయినను కథోలికులగు అగస్టీను సన్యాసులు ఆమె యస్థులను సంగ్రహించి, కొన్నిటిని గోవాలోని తమ మఠమునకు జేర్చిరి. తరువాత నా మఠము శిథిలమయ్యెను. పోర్చుగీసు వ్రాతలలోని గుర్తులనుబట్టి పురావస్తుశాఖవారు వెదకగా కొన్ని యస్థులు లభించెను.

మన పరిశోధకులు మూడు అస్థులలో, తల్లినుండియే సంతానమునకు సంక్రమించు డి.ఎన్.ఏ.ను పరీక్షించిరి. వానిలో నొకదానియందు యు1బి యను వంశచిహ్నము కనబడెను. ఇరువదిరెండువేలకు మించిన భారతీయుల నమూనాలలో నది లేదు. ముప్పదిమంది జార్జియనులలో నిద్దరియందు గలదు. ఆ యస్థి స్త్రీదనియు దేలెను. 2013లో వెల్లడియైన వారి నిర్ణయమేమి? అది రాణిదై యుండుట సంభావ్యమని మాత్రమే. 2021 జూలైలో భారత ప్రభుత్వము దానిలో నొక భాగమును జార్జియాకు గానుకగా నొసగెను.

న్యాయవాదిగా నేను మెచ్చునది ఆ “సంభావ్యము” అను మాటనే. డి.ఎన్.ఏ. వంశమును జెప్పును గాని పేరు చెప్పదు. పేరు చెప్పునవి పాతవ్రాతలు. చోటు చెప్పునది త్రవ్వకము. మూడు సాక్ష్యములును ఏకీభవించినందుననే యీ వాదము నిలిచినది. పరీక్షయే లేకున్న మూడు అస్థులకును సమానముగా మ్రొక్కియుందురు గదా! బిషపు విచారించి యంగీకరింపనిదే క్రొత్త యస్థులను గైకొనరాదని కథోలికుల ట్రెంటు సభయే 1563లో శాసించెను. కావున విచారణ భక్తికి ద్రోహము కాదు.

సోదరులారా! ఆ యస్థి రాణిది కాకపోయినను ఆమె ధైర్యమునకు గొఱత లేదు; ఆమెదే యైనను దానిని దాకినంతమాత్రమున మనకు ధైర్యము రాదు. ఏ మతమువారి పవిత్రవస్తువునైనను, మన యిండ్లలోని వానినైనను, చూచినపుడు ఇది యెవరి చేతినుండి యెవరి చేతికి వచ్చెను, దానికి వ్రాతయేది, పరీక్షయేది యని వినయముతో నడుగుడు. ఉత్తరము రాకున్న “తెలియదు” అని యొప్పుకొనుటయే సత్యమునకు దగిన మర్యాద.