300 డాలర్లు పంపితే 278 వచ్చాయి... స్టేబుల్‌కాయిన్‌లో పంపితే మొత్తం వస్తాయా?

ఫోన్ రివ్యూలు రాయడంతో పాటు సైడ్‌లో యాప్‌లకు తెలుగు లోకలైజేషన్ పని కూడా చేస్తుంటాను. సెట్టింగ్స్ మెనూలో తెలుగులో కనిపించే మాటలు ఉంటాయి కదా, అవి. పోయినేడాది పోర్చుగల్‌లో ఉన్న ఒక చిన్న స్టూడియోకి 300 డాలర్ల పని చేసిపెట్టాను. వాళ్లు సోమవారం పంపారు. శుక్రవారం బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. చేరింది 278. మిగతా 22 ఏమయ్యాయని బ్రాంచ్‌లో అడిగితే "మధ్యలో బ్యాంకులు కట్ చేసుకుంటాయి బాబూ" అన్నారు. ఆ 278ని రూపాయల్లోకి మార్చేటప్పుడు గూగుల్‌లో కనిపించిన రేటు కంటే తక్కువ కట్టారు, పైన ఒక చార్జీ, ఆ చార్జీ మీద జీఎస్టీ.

రెండో ఇన్‌వాయిస్ పంపగానే క్లయింట్ అడిగాడు, ఈసారి యూఎస్‌డీటీలో పంపనా, రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది అని. ఓకే అని టైప్ చేసి, సెండ్ కొట్టబోయి ఆగాను. 15 వేల ఫోన్ కొనడానికి వారం రోజులు స్పెక్స్ చదివే మనిషిని, 25 వేలు చేతికి వచ్చే దారి గురించి ఏమీ చదవకపోతే ఎలా? ఆ వారంలో చదివి, అడిగి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

ఆ 22 డాలర్లు ఎక్కడ పోయాయి

స్విఫ్ట్ అంటే డబ్బు పంపే నెట్‌వర్క్ అనుకునేవాణ్ని. కాదట. 1973లో ఏర్పడిన ఆ సంస్థ బ్యాంకుల మధ్య మెసేజ్‌లు మాత్రమే మోస్తుంది. ఫలానా ఖాతాలో ఇంత తగ్గించు, ఫలానా ఖాతాలో ఇంత కలుపు అని చెబుతుంది, అంతే. అసలు డబ్బు కదిలేది బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి తెరుచుకున్న ఖాతాల్లో. అక్కడి చిన్న బ్యాంకుకి, మా బ్యాంకుకి మధ్య నేరుగా అలాంటి ఖాతా లేకపోతే, ఇద్దరికీ ఖాతాలున్న పెద్ద బ్యాంకు ఒకటో రెండో మధ్యలోకి వస్తాయి. డైరెక్ట్ బస్సు లేని ఊరికి రెండు చోట్ల దిగి మారినట్టే. మారిన ప్రతిచోటా టికెట్టు, ప్రతిచోటా వెయిటింగ్, ఆదివారమైతే బస్సే ఉండదు. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 200 డాలర్లు విదేశానికి పంపడానికి ప్రపంచ సగటు ఖర్చు 6 శాతం పైనే.

ఫుడ్ కోర్ట్ కార్డ్ లాంటిది

స్టేబుల్‌కాయిన్‌ని నాకు అర్థమయ్యేలా చేసింది మాల్‌లోని ఫుడ్ కోర్ట్ కార్డ్. కౌంటర్లో 500 కడితే 500 లోడ్ చేసిన కార్డ్ ఇస్తారు. లోపల ఏ స్టాల్‌లోనైనా అది చెల్లుతుంది. మిగిలింది కౌంటర్లో తిరిగిచ్చేస్తే డబ్బు ఇస్తారు. ఆ ప్లాస్టిక్ ముక్కకి 500 విలువ ఎందుకుంది? కౌంటర్లో తిరిగిస్తారన్న నమ్మకం వల్ల.

2014లో మొదలైన టెథర్ వాళ్ల యూఎస్‌డీటీ, 2018లో వచ్చిన సర్కిల్ వాళ్ల యూఎస్‌డీసీ ఇదే పద్ధతి. కంపెనీకి ఒక డాలర్ ఇస్తే బ్లాక్‌చెయిన్ మీద ఒక కాయిన్ పుట్టిస్తుంది. కాయిన్ తిరిగిస్తే దాన్ని చంపేసి డాలర్ ఇస్తుంది. ఈలోపు ఆ డాలర్లను ఎక్కువగా అమెరికా ప్రభుత్వ స్వల్పకాలిక బాండ్లలో పెడుతుంది. వాటి మీద వచ్చే వడ్డీ కంపెనీది, కాయిన్ పట్టుకున్న మనది కాదు. ఇది చిన్న వ్యాపారం అనుకోకండి. 2024కి టెథర్ తానే ప్రకటించిన లాభం 13 బిలియన్ డాలర్ల పైచిలుకు.

మరి రేటు సరిగ్గా డాలర్ దగ్గరే ఎలా నిలబడుతుంది? మాల్ బయట ఎవరో 500 కార్డ్‌ని 490కి అమ్ముతున్నారనుకోండి. తెలివైనవాడు కొని, కౌంటర్లో ఇచ్చి 10 రూపాయలు జేబులో వేసుకుంటాడు. అలాంటివాళ్లు పదిమంది చేరితే బయటి రేటు దానంతటదే 500కి పాకుతుంది. కాయిన్ విషయంలో ఈ పని చేసేవి పెద్ద ట్రేడింగ్ సంస్థలు. మీరూ నేనూ కాదు, ఎందుకంటే టెథర్ కౌంటర్లో నేరుగా మార్చుకోవాలంటే కనీసం లక్ష డాలర్లు ఉండాలి. మనకి దొరికేది ఎప్పుడూ బయటి రేటే.

కౌంటర్ మూతపడితే ఏమవుతుందో 2023 మార్చిలో అందరూ చూశారు. 10వ తేదీ శుక్రవారం సిలికాన్ వ్యాలీ బ్యాంక్ కూలింది. యూఎస్‌డీసీ వెనకున్న సుమారు 40 బిలియన్ డాలర్లలో 3.3 బిలియన్లు అక్కడే ఉన్నాయని సర్కిల్ చెప్పింది. మర్నాడు శనివారం, బ్యాంకులు లేవు. యూఎస్‌డీసీ 88 సెంట్ల దగ్గరికి పడిపోయింది. అంటే మన 500 కార్డ్ మాల్ బయట 440కి అమ్ముడైనట్టు. ఆదివారం అమెరికా ప్రభుత్వం ఆ బ్యాంకు డిపాజిటర్లకి మొత్తం డబ్బు ఇస్తామని ప్రకటించాకే రేటు మళ్లీ డాలర్ దగ్గరికి చేరింది. 24 గంటలూ ఆగకుండా నడిచే టెక్నాలజీ అని గొప్పగా చెప్పుకునే కాయిన్, బ్యాంకు వీకెండ్ సెలవు దగ్గర ఇరుక్కుంది! నా మట్టుకు నాకు, వారమంతా చదివినదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే.

టెథర్ కథ ఇంకా పాతది. ప్రతి కాయిన్ వెనకా డాలర్ ఉందని చెప్పుకున్నా, 2016 నుంచి 2018 మధ్య పరిశీలించిన 26 నెలల్లో 27.6 శాతం రోజులు మాత్రమే సరిపడా డబ్బు ఉందని అమెరికా రెగ్యులేటర్ సీఎఫ్‌టీసీ తేల్చి, 2021లో 41 మిలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఇక అసలు కౌంటరే లేకుండా, లూనా అనే ఇంకో కాయిన్‌ని ఆధారం చేసుకుని నిలబడతానన్న టెర్రాయూఎస్‌డీ 2022 మేలో కొన్ని రోజుల్లోనే బూడిదైంది. పేరులో స్టేబుల్ ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 2025 జూలైలో అమెరికా తెచ్చిన జీనియస్ చట్టం ఈ కౌంటర్లకే రూల్స్ పెట్టింది. కాయిన్‌కి పూర్తి నిల్వ ఉండాలి, ఆ వివరాలు నెలనెలా బయటపెట్టాలి.

పంపడం నిజంగానే తేలిక, కానీ...

క్లయింట్ చెప్పింది అబద్ధం కాదు. ట్రాన్ నెట్‌వర్క్‌లో మూడు సెకన్లకో బ్లాక్ పడుతుంది. మధ్యలో బ్యాంకుల్లేవు, ఆదివారం లేదు. కాకపోతే ఇక్కడ టైప్-సి కేబుల్ కష్టం ఒకటుంది. చూడ్డానికి కేబుల్స్ అన్నీ ఒకటే, ఒకటి ఫాస్ట్ చార్జ్ చేస్తుంది, ఇంకోదాంట్లో డేటానే పోదు. యూఎస్‌డీటీ కూడా పేరు ఒకటే గానీ ట్రాన్ మీద ఒకటి, ఇథీరియం మీద ఇంకొకటి. ట్రాన్ అడ్రస్ టీ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి కాస్త గుర్తుపట్టొచ్చు. ఇథీరియం, పాలిగాన్, బీఎన్‌బీ చెయిన్ అడ్రస్‌లు మాత్రం ఒకే రూపంలో ఉంటాయి. మా ఫ్రెండ్ ఒకడు ఎక్స్‌చేంజ్ ఇచ్చిన అడ్రస్‌కే పంపాడు, కానీ వేరే నెట్‌వర్క్‌లో. డబ్బు బ్లాక్‌చెయిన్‌లో కళ్లెదుట కనిపిస్తోంది, ఖాతాలో మాత్రం పడలేదు. సపోర్ట్ టికెట్ల చుట్టూ రెండు నెలలు తిరిగాడు. యూపీఐలో పంపేముందు పేరు కనిపిస్తుంది. ఇక్కడ ఆ సౌకర్యం కూడా లేదు.

ఇంకో తిరకాసు. ట్రాన్‌లో యూఎస్‌డీటీ కదపాలంటే ఫీజు టీఆర్‌ఎక్స్ అనే వేరే కాయిన్‌లో కట్టాలి. మామూలు వాలెట్‌లో 300 డాలర్లుండి టీఆర్‌ఎక్స్ సున్నా అయితే, ఆ 300 చూసుకుంటూ కూర్చోవడమే.

చివరి మైలు

అసలు గొడవ రూపాయల దగ్గర మొదలవుతుంది. మన ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో యూఎస్‌డీటీ డాలర్ కాదు, వర్చువల్ డిజిటల్ అసెట్. అమ్మితే వచ్చిన లాభం మీద 30 శాతం పన్ను. నష్టం వస్తే ఇంకో లాభంలోంచి తగ్గించుకునే వీల్లేదు. లాభం ఉన్నా లేకపోయినా అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. అది రిటర్న్‌లో చూపించుకోవచ్చు, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మన దగ్గర ఉండదు. పైగా విదేశీ క్లయింట్ ఇచ్చే ఫీజు సేవల ఎగుమతి కిందికి వస్తుంది. బ్యాంకు దారిలో వస్తే ఎఫ్‌ఐఆర్‌ఏ అనే కాగితం ఇస్తారు. వాలెట్‌లో పడితే ఆ కాగితం ఎవరిస్తారు?

ఇవన్నీ ఎందుకని కొందరు పీ2పీలో అమ్మేస్తారు. తెలియని మనిషి మన ఖాతాలో రూపాయలు వేస్తాడు, మనం కాయిన్ వదులుతాం. ఆ రూపాయలు ఎవరో మోసపోయి పోగొట్టుకున్నవైతే? ఆ బాధితుడు 1930కి ఫోన్ చేస్తే, డబ్బు ఏ దారిన పోయిందో ఆ ఖాతాలన్నీ వరసగా ఫ్రీజ్ అవుతాయి. నాకు తెలిసిన ఒక డిజైనర్ అన్న ఖాతా ఇలాగే ఆగిపోయింది. 18 వేల కాయిన్ అమ్మకం కోసం, జీతం పడే ఖాతా మొత్తం మూడు నెలలు లాక్. ఆ మూడు నెలలూ ఇంటి అద్దె వాళ్ల నాన్న కట్టారు. 22 డాలర్ల నా బాధ దీని ముందు ఎంత?

అలాగని ఇది ఎవరికీ పనికిరాదనలేను. మా క్లయింట్‌కే బ్యూనస్ ఎయిరెస్‌లో ఒక డిజైనర్ ఉంది. ఆమె 2023 నుంచి యూఎస్‌డీటీలోనే తీసుకుంటోంది. ఆ ఏడాది అర్జెంటీనాలో ధరలు 211 శాతం పెరిగాయి. డాలర్లు బ్యాంకుకి వస్తే అధికారిక రేటుకే పెసోలు ఇచ్చేవాళ్లు, బయటి మార్కెట్లో రేటు దానికంటే చాలా ఎక్కువ. ఆమెకి ఈ కాయిన్ స్పీడ్ కోసం కాదు, సంపాదన కరిగిపోకుండా దాచుకోవడానికి. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ని. పెద్ద కంపెనీలు ఇంకో దారిలో వెళ్తున్నాయి. రెండు చివర్లా మామూలు కరెన్సీ, మధ్య దూరం మాత్రమే స్టేబుల్‌కాయిన్. ఇలాంటి పని చేసే బ్రిడ్జ్ అనే కంపెనీని స్ట్రైప్ 1.1 బిలియన్ డాలర్లకి కొనేసింది. ఆ దారిలో డబ్బు అందుకునేవాళ్లకి మధ్యలో కాయిన్ ఉన్న సంగతి తెలియాల్సిన పని కూడా లేదు.

క్లయింట్‌కి యూఎస్‌డీటీ వద్దని చెప్పి, ఫ్రీలాన్సర్ల పేరు మీద విదేశాల్లో రిసీవింగ్ ఖాతా ఇచ్చే ఒక పేమెంట్ సర్వీస్‌లో చేరాను. కేవైసీకి రెండు రోజులు పట్టింది. రెండో 300 మర్నాటికల్లా వచ్చాయి, చార్జీలన్నీ పోగా 294 డాలర్లకి సరిపడా రూపాయలు పడ్డాయి. ఎఫ్‌ఐఆర్‌ఏ పీడీఎఫ్ మెయిల్‌లో వచ్చింది. దాన్ని మా సీఏకి ఫార్వర్డ్ చేశాను. మొదటిసారి ఆయన నుంచి తిరిగి ఫోన్ రాలేదు.