యుద్ధకాలపు ధరలు – రైతుల అప్పులు

యుద్ధమనగా సేనలును ఫిరంగులును మాత్రమేయని మనలో పలువురు తలంతురు. 1939 మొదలు 1945 వఱకు జరిగిన రెండవ ప్రపంచయుద్ధమున ఆంధ్రదేశమందు బాంబులు పడినది 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపైని. చిత్తూరు జిల్లా సముద్రతీరమునకు ఎడముగా నున్నది. అయినను ఆ యుద్ధము మన జిల్లాలోని ప్రతి గాదెను, ప్రతి దుకాణమును, ప్రతి ప్రామిసరీ నోటును తాకినది. ఈ కడపటి దానిని గూర్చియే మన సభ్యులు ముఖ్యముగా తెలిసికొనవలసియున్నది.

మొదటి దెబ్బ వేరుశెనగకు తగిలెను. 1940 జూనులో ఫ్రాన్సుదేశము జర్మనులకు లొంగిపోగా, మన పప్పును కొనుచుండిన ఐరోపా మార్కెట్టు మూతపడెను. వానను నమ్ముకొని మెట్టచేలలో వేరుశెనగ వేసిన రైతునకు చేతిలో కాయలుండియు బేరము లేకపోయెను. పిమ్మట 1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. బర్మానుండి ఏటేట పది లక్షల టన్నులకు మించి వచ్చుచుండిన బియ్యము ఆగిపోయెను. ప్రభుత్వమువారు ఆ యేటనే "అధికాహారోత్పత్తి" ఉద్యమము నారంభించి, వాణిజ్యపు పంటలను తగ్గించి తిండిగింజలు పండింపుడని బోధించిరి. బోధించుట సులభము, నీరులేని చేనిలో వరి మొలవదు గదా.

ధరలేల పెరిగెను? సరకులు తఱుగుట ఒక కారణము. రెండవది నోట్ల వృద్ధి. బ్రిటిషు ప్రభుత్వము ఈ దేశమున సేనలకై కొనిన వస్తువులకు లండనులో పౌనులు జమకట్టుచు, ఇచ్చట రూపాయి నోట్లు అచ్చువేయించుచుండెను. యుద్ధారంభమున దేశమందు చెలామణిలోనున్న నోట్లు సుమారు 180 కోట్ల రూపాయలు. 1945 నాటికి అవి 1,100 కోట్లు దాటినవి. సరకులు మాత్రము అట్లు పెరుగలేదు. చిల్లరకైతే కఱవు వచ్చెను. లోహము మిగుల్చుటకై 1943 నుండి నడుమ చిల్లుగల కానులు ముద్రింపబడినవి. ముసలివారు వానిని మొలత్రాట కట్టిన పిల్లలను ఎఱుగుదురు.

ఇప్పుడొక లెక్క చూతము. ఒక రైతునకు 300 రూపాయల అప్పున్నదనుకొందము. బస్తా ధాన్యము 3 రూపాయలున్నప్పుడు ఆ అప్పు తీర్చుటకు 100 బస్తాలు కావలెను. ధర 9 రూపాయలైనచో 34 బస్తాలు చాలును. నోటులోని అంకె మారలేదు. దాని బరువు మూడవ వంతుకు దిగినది. కాని ఇది అమ్ముటకు ధాన్యము మిగిలినవాని మాట. కపిలబావి క్రింద అయిదెకరములు గలవాడు ఇట్లు గట్టెక్కెను. రెండెకరముల మెట్టగల రైతు కార్తిక మార్గశిరములలో కాయలమ్మి, వేసవిలో సంగటికి రాగులు కొనును. కూలివాడు ఏడాదిపొడుగునను కొనును. కూలి పెరిగినది గాని గింజల ధర వెంట పరుగెత్తలేకపోయెను. సేనలో చేరిన కొడుకు మనియార్డరు పంపిన యింట కొంత ఊరట కలిగెను.

ఇది ఊహ మాత్రము కాదు. మద్రాసు ప్రభుత్వము కోరగా ఆచార్య బి.వి. నారాయణస్వామినాయుడుగారు గ్రామఋణములను విచారించి 1946లో నివేదిక యిచ్చిరి. రాజధాని మొత్తము గ్రామఋణము 1939లో సుమారు 272 కోట్లుండి 1945 నాటికి సుమారు 218 కోట్లకు తగ్గెనని వారు లెక్కగట్టిరి. ఈ మొత్తమును మాత్రమే చూచినవారు యుద్ధము రైతును ఉద్ధరించెనని పలికిరి. అదే నివేదికలో పెద్ద రైతుల అప్పు ఎక్కువగా తగ్గెననియు, చిన్న రైతులకు స్వల్పముగనే తగ్గెననియు, కౌలుదార్లకు కొంచెమును వ్యవసాయకూలీలకు మిక్కుటముగను పెరిగెననియు ఉన్నది.

సహకార సంఘములు ఆ దినములలో చేసిన సేవ కొంచెము కాదు. బియ్యము, పంచదార, కిరసనాయిలు, బట్టలు పంచుటకు వినియోగదారుల స్టోర్లు రాజధాని యంతట వెలసినవి. 1943లో బంగాళాదేశపు ఘోరక్షామమును చూచిన పిమ్మట రేషను పద్ధతి విస్తరించెను. పెద్దవానికి దినమునకొక పౌను గింజలని తొలుత తలపెట్టి, 1946లో 12 ఔన్సులకు తగ్గించిరి. నియమిత ధరకు ధాన్యమును కొలిచియిచ్చిన రైతు, నాగలికఱ్ఱుకు ఇనుమును నల్లబజారులో కొనవలసివచ్చినదని గొణిగినచో, ఆ గొణుగుడు న్యాయమే.

అయితే పరపతి విషయము వేఱు. యుద్ధపు సంవత్సరములలో సంఘములకు పాతబాకీలు బాగుగ వసూలైనవి, కార్యదర్శులు సంతోషించిరి. చెల్లించినవారెవరు? గింజలమ్మిన భూస్వాములు. కూలివానికిని కౌలుదారునకును తాకట్టుపెట్ట భూమి లేదు గావున వారిలో పలువురు సంఘపు గడప తొక్కనేలేదు. వారి కొత్త అప్పు ఏ సంఘపు పుస్తకమునను ఎక్కక, యజమాని యొద్దను అంగడివాని యొద్దను వ్రాయబడినది. యుద్ధము 1945లో ముగిసెను. రేషను నడుమ కొంత సడలింపబడి మరల బిగింపబడి, మద్రాసు రాష్ట్రమున 1952 జూనులో రాజగోపాలాచారిగారి మంత్రివర్గముచే ఎత్తివేయబడెను. అంగడివాని పద్దులో వ్రాసిన ఆ అప్పును ఎత్తివేసిన ఉత్తరువు మాత్రము ఆనాడు వెలువడలేదు.