అడ్డపొగయు అంగిలిమచ్చయు

గడచిన వేసవి సెలవులకు ముందు ఎనిమిదవ తరగతివారికి శరీరశాస్త్రమున నోటిని గూర్చి పాఠము చెప్పుచుంటిమి. పాఠము ముగిసిన పిమ్మట ఒక బాలిక మా బల్లయొద్దకు వచ్చి, "మాస్టారండీ, మా మామ్మ అడ్డపొగ త్రాగును. ఆమె అంగిలిమీద తెల్లని మచ్చ యున్నది. నొప్పి లేదు గనుక ఆసుపత్రి వద్దనుచున్నది. నొప్పి లేనిది రోగమగునా?" అని యడిగెను. ఆనాడు రెండు మాటలలో సమాధానము చెప్పితిమి. అది ఇంటింటికిని చేరవలసిన సంగతి యగుటచే ఇచ్చట కొంత వివరముగా వ్రాయుచున్నాము.

చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పొగ పీల్చుటకు అడ్డపొగ యని పేరు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరగ్రామములలో ఈ యలవాటు ముఖ్యముగా స్త్రీలలో చిరకాలముగా గలదు. గాలికి చుట్ట ఆరిపోదనియు, బూడిద బిడ్డలపై రాలదనియు వారు చెప్పుదురు. కాని నిప్పు లోపల నుండుటచే వేడియు పొగయు నేరుగా అంగిలికి తగులును. పిండ్‌బోర్గ్ మొదలగు పరిశోధకులు శ్రీకాకుళపు పల్లెలలో 10,169 మంది నోళ్లను పరీక్షించి, 1971లో తమ ఫలితములను ప్రకటించిరి. వారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ త్రాగువారే. ఇతర ప్రాంతములలో అరుదైన అంగిలి కాన్సరు ఇచ్చట హెచ్చుగా కనబడుటకు ఈ యలవాటే కారణము.

మన దేహము సూక్ష్మమైన కణములతో కట్టబడినది. పాతకణము నశించినచోట క్రొత్తది పుట్టుట సహజము. పొగాకులోని విషపదార్థములు కణమునందలి జన్యువులను చెరచినపుడు అది హద్దు లేక పెరుగవచ్చును. దీనినే పెద్దలు రాచపుండనిరి. ఇది మొదట ఒకచోట నుండి, పిమ్మట మెడలోని గ్రంథులకును, దూరపు అవయవములకును ప్రాకును. ఇది శాపము కాదు. ఒకే కంచమున భుజించినంతమాత్రమున అంటునది కాదు. పొగాకు నమలుట, వక్క నమలుట, మద్యము త్రాగుట కూడ అపాయకరములే. పొగాకును మద్యమును కలిసినచో అపాయము మరింత హెచ్చును.

ఇక ఆ బాలిక ప్రశ్నకు వత్తము. తొలిదశలో నొప్పి తరచుగా నుండదు. నొప్పి పుట్టునాటికి వ్యాధి లోతునకు దిగియుండవచ్చును. తెల్లమచ్చ లన్నియు కాన్సరు కావు. కొన్ని మాత్రమే అట్లు మారును. ఏది మారునో కంటితో చూచి నిశ్చయింప సాధ్యము కాదు. కావున వైద్యుడు చిన్నముక్క తీయించి సూక్ష్మదర్శినితో పరీక్ష చేయించును. కత్తి తగిలినచో రోగము ప్రాకునను భయమునకు ఆధారము లేదు.

ఈ సంగతి మాకు మూల్యము చెల్లించిన పిమ్మటనే తెలిసినది. మా పెద్దమ్మగారి అంగిలిపై ఇట్టి మచ్చను మేము చిన్ననాట చూచి, పొగమరక యనుకొని యూరకుంటిమి. రెండేండ్లకు ఆమె అన్నము మ్రింగలేనపుడు ఆసుపత్రికి గొనిపోగా, అప్పటికే మెడలో గడ్డలు లేచియుండెను. చికిత్స చేయించినను ఆమె దక్కలేదు. కన్నులార చూచియు నోరు విప్పకపోతిమే యను విచారము నేటికిని మమ్ము విడువలేదు.

కావున ఈ గుర్తులను జ్ఞాపకముంచుకొనుడు: తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, 2 వారములకును మానని పుండు, నోరు చక్కగా తెరువరాకుండుట, మ్రింగుట కష్టమగుట, మెడలో గడ్డ. వీనిలో ఏది కనబడినను వైద్యునికి చూపవలెను.

ఏ గుర్తును లేనివారు కూడ చూపించుకొనుట మేలు. కేరళమున తిరువనంతపురము జిల్లాలో 1996లో మొదలైన యొక పరిశోధనలో శిక్షణ పొందిన కార్యకర్తలు జనుల నోళ్లను పరీక్షించి, అనుమానము కలిగినవారిని వైద్యులయొద్దకు పంపిరి. 2005లో ప్రకటించిన ఫలితము ప్రకారము, పొగాకు గాని మద్యము గాని వాడువారిలో నోటి కాన్సరు మరణములు, పరీక్ష జరుగని గ్రామములలోకంటె నూటికి 34 వంతులు తక్కువయ్యెను. మన దేశమున 30 ఏండ్లు దాటినవారికి 5 ఏండ్ల కొకమారు నోటి పరీక్ష జరుపవలెనని 2016లో ప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది.

చికిత్సలు ముఖ్యముగా మూడు: శస్త్రచికిత్స, కిరణచికిత్స, ఔషధచికిత్స. తొలిదశలో తరచుగా ఒక్కటియే చాలును. ఆలస్యమైనచో రెండు మూడు కలిపి చేయవలసివచ్చును. మాట, భోజనము కష్టమగును. గుణమగు ఆశయు తగ్గును. విశాఖపట్టణము, హైదరాబాదు నగరములలో ఈ వ్యాధికి ప్రత్యేకమైన ఆసుపత్రులు గలవు.

ఆ బాలిక ఇంటికి పోయి, పాఠపుస్తకములోని నోటి బొమ్మను మామ్మకు చూపి, తాను వినినదంతయు చెప్పెను. వారము దినములు బ్రతిమాలగా ఆమె ఆసుపత్రికి కదలెను. పరీక్షలో అది కాన్సరు కాదని తేలెను. చుట్ట మానవలెననియు, కొన్ని నెలల కొకమారు వచ్చి చూపవలెననియు వైద్యులు చెప్పిరి. మానుట సులభము కాలేదు. రెండుమార్లు విడిచి మరల పట్టినది, మూడవమారు విడిచినది.

విద్యార్థులారా, 18 ఏండ్లలోపువారికి పొగాకు నమ్మరాదనియు, పాఠశాలకు 100 గజములలోపల నమ్మరాదనియు 2003 నాటి చట్టము చెప్పుచున్నది. మీరు దానిని ముట్టకుండుట మొదటి పని. ఇంటిలో పొగ త్రాగు పెద్దల నోటిలో మచ్చ యున్నదేమో వినయముగా అడిగి తెలిసికొనుట రెండవ పని. తలిదండ్రులారా, బిడ్డ అట్లడిగినపుడు కసరక, దీపము దగ్గరకు వచ్చి నోరు తెరువుడు.