వికృతాంగములతో పుట్టు దూడలు

ఆవు రమారమి 280 దినములు దూడను గర్భమున మోయును. అన్ని నాళ్లు కాచుకొన్న పిమ్మట, కాళ్లు వంకరపోయి, మెడ యొక ప్రక్కకు తిరిగి, వెన్ను వంగిన దూడ చచ్చి పుట్టినచో ఆ యింటివారి దుఃఖము చెప్పనలవి కాదు. అట్టి వేళ కొందఱు గ్రహణదోష మందురు. కొందఱు దిష్టి యందురు. కొందఱు ఆవునే నిందించి సంతకు తోలుదురు. ఇట్టి వికృతులలో కొన్నింటికి కారణము కంటికి కానరాని వైరసులే యని శాస్త్రజ్ఞులు నిరూపించి యున్నారు. ఆ విధమును మేమిచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాము.

1959వ సంవత్సరమున జపాను దేశములోని అకబానె యను గ్రామమున పట్టిన దోమలనుండి యొక వైరసును వేఱుచేసిరి. అది పశువులకు చేయు కీడు అప్పటికి తెలియలేదు. 1972 మొదలు 1975 వఱకు ఆ దేశమున వేలకొలది ఆవులు ఈసుకపోయినవి. వేలకొలది దూడలు వికృతాంగములతో పుట్టినవి. కారణమును కనుగొనుటకు వారవలంబించిన యుపాయము మెచ్చదగినది. వ్యాధి నెదిరించుటకై ఆవు రక్తమున పుట్టు ప్రతిరక్షకములు మావిని దాటి దూడకు చేరవు. పుట్టిన పిమ్మట ముఱ్ఱుపాల మూలముననే చేరును. కావున ముఱ్ఱుపాలు త్రాగకమునుపే దూడ రక్తమున ఆ ప్రతిరక్షకములు కనబడినచో, ఆ దూడ గర్భమునందే వైరసుతో పోరాడినదనుట నిశ్చయము. ఈ పరీక్షయే అకబానె వైరసును పట్టియిచ్చినది.

2011వ సంవత్సరపు వేసవిలోను, ఆ తరువాతి మాసములలోను, జర్మనీ పశ్చిమ భాగమందును నెదర్లాండ్సునందును పాడియావులకు జ్వరమును విరేచనములును కలిగి పాలు తగ్గినవి. కొలది దినములలో అవి కోలుకొన్నవి. నవంబరు మాసమున ఫ్రీడ్రిక్ లోఫ్లర్ సంస్థవారు ష్మాలెన్‌బర్గు పట్టణ ప్రాంతపు ఆవుల రక్తమున ఒక క్రొత్త వైరసును కనుగొనిరి. అది అకబానె వైరసునకు దగ్గఱి జ్ఞాతి. డిసెంబరునుండి వికృతమైన గొఱ్ఱెపిల్లలును, పిదప దూడలును పుట్టసాగినవి. జ్వరము వచ్చినది వేసవిలో. దాని ఫలము కనబడినది చలికాలమున!

ఈ రెండు వైరసులను మోయునవి క్యూలికాయిడీసు అను కీటకములు. ఇవి దోమకన్న చిన్నవి. 1 మొదలు 3 మిల్లీమీటర్ల పొడవు గలవి. మన తెలుగునాట గొఱ్ఱెలను బాధించు నీలినాలుక వ్యాధిని వ్యాపింపజేయునవియు ఈ జాతివే. కుట్టిన పిమ్మట వైరసు ఆవు రక్తమునుండి గర్భమున ప్రవేశించి, పెరుగుచున్న మెదడును వెన్నుపామును నాశనము చేయును. నరముల ప్రేరణ లేక కండలు పెరుగవు. కదలిక లేక కీళ్లు బిగిసిపోవును. ఇంచుమించు మూడవ నెల మొదలు ఆఱవ నెల వఱకు ఈ భయమధికము. ఆ పిమ్మట దూడ తానే వైరసు నెదిరింపగల శక్తిని పొందును.

వైరసులన్నియు కీటకముల మూలముననే రావు. పశువుల విరేచనవ్యాధి వైరసు ఒక పశువునుండి మఱియొక పశువునకు సోకి, గర్భస్థమైన దూడ చిన్నమెదడును చెఱచును. అట్టి దూడ తూలుచు నిలువలేకపోవును. వంశదోషమును, తల్లి మేసిన విషపు మొక్కలును గూడ కొన్ని వికృతులకు కారణములగును. కావున పశువైద్యుని పరీక్ష లేక కారణమును నిర్ణయింపరాదు.

ఈ జ్ఞానము వలన కలుగు ప్రయోజనములు కొన్ని కలవు. బిగిసిన కాళ్లు గల దూడను బలముతో లాగినచో గర్భసంచి చినిగి తల్లియు చచ్చును. ఈనుటకు ఆవు కష్టపడునప్పుడు వెంటనే పశువైద్యుని పిలువవలెను. అకబానె, ష్మాలెన్‌బర్గు వైరసులకు టీకాలు కనిపెట్టబడినవి. ఒకసారి ఈ వైరసు సోకి కోలుకొన్న ఆవునకు సాధారణముగా వ్యాధినిరోధక శక్తి కలుగును. మఱుసటి యీతలో ఆరోగ్యమైన దూడను ఈనవచ్చును. అట్టి యావును దోషముగలదని తోలివేయుట, నష్టముపై నష్టము తెచ్చుకొనుటయే.

విద్యార్థులారా! మీ యిండ్లలో ఇట్టి యాపద కలిగినచో, నేటి నిందను విడిచి, నాలుగైదు నెలల క్రిందట ఆ యావునకు జ్వరము వచ్చెనా, పాలు తగ్గెనా యని పెద్దలను అడిగి వ్రాసియుంచుడు. ఆ వ్రాత పశువైద్యునకు మిక్కిలి తోడ్పడును.